రాయికీ దాహం వేస్తుంది!

ఇల్లు కట్టేటప్పుడు మనల్ని ఏమేం అడుగుతారో ఎప్పుడైనా గమనించారా? పూజగది ఏ మూలన, వంటగది గట్టు ఎంత ఎత్తు, షెల్ఫులు ఎన్ని అని ఒకటికి పదిసార్లు అడుగుతారు. బాత్‌రూం దగ్గరికొచ్చేసరికి మాత్రం "అదేముందమ్మా, మేం చూసుకుంటాంగా" అనేస్తారు. తీరా ఇంట్లో దిగాక దాన్ని కడిగేదెవరు? మనమే, లేకపోతే మన పనమ్మాయి. కడిగేవాళ్లని ఒక్కమాట అడక్కుండా వేసేసే నేల ఇంటి మొత్తంలో అదొక్కటే సుమండీ!

అందుకే ఈసారి వంటలూ పచ్చళ్లూ కాస్త పక్కన పెట్టి, బాత్‌రూంలో వేసే రాతిబండల గురించీ, వాటికి పట్టించే సీలర్ గురించీ నాలుగు మాటలు చెబుదామనుకుంటున్నాను. "సీలరా? అదంతా మేస్త్రిల గొడవ, మనకెందుకు" అని పేజీ తిప్పేయకండి. ఆ గొడవ తెలుసుకోకపోతే తర్వాత ఏళ్ల తరబడి బ్రష్షు పట్టుకుని రుద్దేది మనమే.

అసలు మేం రాతిబండల జోలికి ఎందుకు వెళ్లామో ముందు చెప్పాలి. మా అత్తగారికి డెబ్బై ఆరేళ్లు. రెండేళ్ల కిందట బాత్‌రూంలో నున్నటి టైల్సు మీద జారిపడి మణికట్టు విరగ్గొట్టుకున్నారు. ఆరు వారాలు కట్టు. ఆ ఆరు వారాలూ ఆవిడకి జడ వేయడం, అన్నం కలిపి పెట్టడం నాకేమీ కష్టమనిపించలేదు. కట్టు విప్పేశాక కూడా ఆవిడ స్నానమంటే భయపడిపోవడం చూస్తేనే ప్రాణం ఉసూరుమనేది. గోడ పట్టుకుని, అడుగులో అడుగు వేస్తూ, దేవుడికి దణ్ణం పెట్టుకుని మరీ లోపలికి వెళ్లేవారు. తలుపు గడియ వేసుకోవడం మానేశారు. మనిషికి అంతకంటే చిన్నతనం ఏముంటుంది చెప్పండి?

"మా పుట్టింట్లో దొడ్డి దగ్గర్నుంచి నడవ దాకా అన్నీ నాపరాళ్లే. పుట్టి బుద్ధెరిగి ఒక్కనాడు జారలేదమ్మా" అన్నారు ఒకరోజు. ఆవిడ పుట్టిల్లు బేతంచెర్ల పక్కన పల్లెటూరు. ఆ మాట నా మనసులో పడిపోయింది. గరుకు టైల్సు కూడా దొరుకుతాయని మావారు అన్నారు. నిజమే, దొరుకుతాయి. కానీ ఆవిడ భయం పోవాలంటే ఆవిడ కాళ్లకి అలవాటైన నేలే కావాలనిపించింది నాకు. మేముండేది హైదరాబాదు కాబట్టి తాండూరు బండలు దగ్గర. అయిదడుగుల వెడల్పు, ఎనిమిదడుగుల పొడవు ఉన్న ఆ చిన్న గదికి పాలిష్ పెట్టని, చేత్తో తడిమితే కాస్త గరుకు తగిలే బండలు వేయించాలని తీర్మానించాం.

ఏ రాయిది ఏ గుణం?

మన రెండు రాష్ట్రాలూ రాళ్లకి పెట్టింది పేరు. వికారాబాద్ జిల్లా తాండూరు అనగానే ఆడవాళ్లకి కందిపప్పు గుర్తొస్తుంది. 2022లో ఆ కందికి భౌగోళిక గుర్తింపు కూడా వచ్చింది. ఆ ఊరు బండలకీ అంతే ప్రసిద్ధి. నంద్యాల జిల్లా బేతంచెర్ల రాళ్లు, కడప బండలు సరేసరి. ఇవన్నీ సున్నపురాయి జాతివి. కోట్ల ఏళ్ల కిందట సముద్రం అడుగున పొరలు పొరలుగా పేరుకుని గట్టిపడ్డవి. అందుకే అంత చక్కగా పలకలుగా విడిపోతాయి. సున్నం, సిమెంటు తయారు చేసేదీ ఈ జాతి రాయితోనే. రాజస్థాన్ మక్రానా పాలరాయిదీ ఇదే వంశం. మన చీమకుర్తి గ్రానైటు మాత్రం వేరు. అది భూమి లోపల కరిగిన శిల నెమ్మదిగా చల్లారి గట్టిపడింది. నీళ్లు తక్కువ పీలుస్తుంది, పులుపుకి అంత తొందరగా లొంగదు.

సున్నపురాయికి రెండు బలహీనతలున్నాయి. ఒకటి, దానికి దాహం ఎక్కువ. నీరు, నూనె, రంగు, ఏది పోసినా కొంత తాగేస్తుంది. రెండోది, పులుపు సరిపడదు. నిమ్మరసం, చింతపండు, వెనిగర్, అన్నిటికంటే ముఖ్యంగా యాసిడ్, ఏది తగిలినా పైపొర కరిగి తెల్లగా, కళ తప్పిపోతుంది.

మీ ఇంటికి వచ్చిన బండ ఏ జాతిదో దుకాణం వాళ్లని అడగడమే కాదు, మీరే చూసుకోవచ్చు. కోతలో మిగిలిన ఒక ముక్క తెచ్చుకోండి. ఒక మూల స్పూనుడు నీళ్లు పోసి పది నిమిషాలు ఆగండి. నీళ్లు పైనే ఉంటే సరే. కింద రాయి నల్లబడితే అది తాగుతోందన్నమాట. ఇంకో మూల రెండు చుక్కల నిమ్మరసం వేసి కాసేపాగి తుడిచేయండి. మచ్చ తేలిందంటే అది సున్నపురాయి జాతి. అలాగని వేసేసిన నేల మీద ఈ పరీక్ష చేయకండి తల్లీ, ఆ మచ్చ కడిగితే పోదు!

ఈ పులుపు సంగతి నాకు మా తోడికోడలు ఇంట్లో తెలిసింది. పాపం, ముచ్చటపడి నల్లటి కడప బండలు వేయించుకుంది. పని అయిపోయాక, బండల మీద పడ్డ సిమెంటు మరకలు పోవడానికని మేస్త్రి ఒక సీసా యాసిడ్ ఒలకబోసి చీపురుతో తోసేశాడు. నేల బుసబుసమని పొంగింది. "చూశారా అమ్మా, మురికంతా ఎలా పోతోందో" అన్నాడట. పోతున్నది మురికి కాదు, రాయి! ఆరాక చూస్తే నల్లటి నేలంతా బూడిద చల్లినట్టు తెల్లటి మచ్చలు. మళ్లీ మిషను పెట్టి అరగదీయిస్తే తప్ప అవి పోలేదు. గృహప్రవేశం నాడు దాని మొహం చూడలేకపోయాను.

సీలర్ అంటే ఏమిటి?

కొత్త మట్టికుండ తెచ్చుకుంటే ఏం చేస్తాం? నానబెట్టి, గంజి పోసి కాచి, అప్పుడు వంటకి వాడతాం. గంజి కుండలోని సన్నటి రంధ్రాల్లోకి వెళ్లి వాటిని పూడుస్తుంది. సీలర్ కూడా రాయికి ఇంచుమించు అలాంటిదే. రాయిలోని కంటికి కనబడని సందుల్లోకి ఇంకి, నీటినీ నూనెనీ తొందరగా లోపలికి రానివ్వదు.

బజార్లో ఇవి రెండు రకాలు. ఒకటి పైపూత రకం. వార్నిష్‌లా రాయి మీద ఒక పొర కడుతుంది. చూడ్డానికి అద్దంలా మెరుస్తుంది. కానీ తడిగా ఉండే చోట కొన్నాళ్లకి అది పెచ్చులు లేస్తుంది, అడుగున తేమ చిక్కుకుంటే తెల్లబారుతుంది, పైగా తడి పాదానికి జారుతుంది. రెండోది లోపలికి ఇంకే రకం. పైన ఏమీ కనబడదు. రాయి గరుకు రాయికే ఉంటుంది, లోపలి తేమ ఆవిరై బయటికి పోగలుగుతుంది. బాత్‌రూం నేలకి ఈ రెండోదే కావాలి.

దుకాణంలో అబ్బాయి నాకు మొదటిదే అంటగట్టబోయాడు. "ఆంటీ, ఇది వేస్తే మీ ఫ్లోరు షోరూములా ఉంటుంది" అంటాడు. "బాబూ, నాకు షోరూం వద్దు. మా అత్తగారు కిందపడకుండా ఉంటే చాలు" అన్నాను. ఇంక ఆ డబ్బా లోపల పెట్టేశాడు. మీరూ అంతే, డబ్బా కొనేముందు అది పైపూతా, ఇంకేదా అని అడగండి. సున్నపురాయికి పనికొస్తుందా, ఎన్ని చదరపుటడుగులకి వస్తుంది అన్నవి డబ్బా మీద చదవండి. గరుకు నాపరాయి ఎక్కువే తాగుతుంది కాబట్టి కాస్త ఎక్కువ పట్టుకోండి.

ఇంకో రెండు మాటలు గట్టిగా గుర్తుపెట్టుకోవాలి. సీలర్ మరకని ఆలస్యం చేస్తుంది, తుడుచుకోవడానికి మనకి సమయమిస్తుంది. అంతేగానీ మరక పడనే పడదని కాదు. యాసిడ్ నుంచి అది రాయిని కాపాడనూ లేదు. అలాగే, కింద స్లాబులోకి నీళ్లు దిగకుండా ఆపేది సీలర్ కాదు. దానికి బండల కింద వాటర్‌ప్రూఫింగ్ వేరే చేయించాలి. అది అయ్యాక జాలీ మూసేసి, కనీసం ఒక రోజంతా నీళ్లు నిలబెట్టి, కింద గదిలోగానీ పక్క గోడలోగానీ చెమ్మ కనబడుతుందేమో చూసి, ఆ తర్వాతే బండలు వేయించాలి. నేల వాటం సరిగ్గా జాలీ వైపే ఉండాలి. మేస్త్రి "సరిగ్గానే ఉందమ్మా" అంటే సరిపోదు. ఆయన ఎదురుగానే చెంబుడు నీళ్లు పోసి చూడండి. ఒక్క మూల నీళ్లు నిలిచినా, ఏ సీలరూ ఆ మూలని కాపాడలేదు.

భోగి పండగా, బాత్‌రూమా?

బండలు వచ్చాక దుమ్ము పోయేలా కడిగించి, రెండు రోజులు బాగా ఎండనిచ్చి, నీడకి తెచ్చి పైముఖానికి మాత్రం మొదటి పూత సీలర్ పట్టించాను. అడుగునా, అంచులకీ అంటకుండా చూసుకోవాలి. అంటితే సిమెంటు పట్టుకోదు. ముందే ఎందుకంటే, సందులు నింపే గ్రౌట్ రంగు గరుకు రాయిలోకి దిగితే ఇక బయటికి రాదు. మా మేస్త్రి "ముప్పై ఏళ్లుగా బండలు వేస్తున్నా, ఇట్లాంటి వేషాలు చూడలేదమ్మా" అని నవ్వాడు. నవ్వితే నవ్వాడు గానీ, గ్రౌట్ తుడిచే రోజున తడి స్పాంజితో ఒక్కసారి రాస్తే చాలు, మరక లేకుండా వచ్చేసింది. అప్పుడు నవ్వడం మానేసి, డబ్బా మీద పేరు చదివించుకున్నాడు.

అసలు తంటా ఆ తర్వాత వచ్చింది. బండలు వేయడం డిసెంబరు ఆఖరి వారానికి గానీ అవలేదు. సంక్రాంతికి మా మరిదిగారి కుటుంబం, ఆడపడుచు పిల్లలు, అంతా కలిసి పదకొండు మంది దిగుతున్నారు. భోగినాడు తలంటు పోసుకోవడానికి కొత్త బాత్‌రూం ఉంటుందని మావారు అందరికీ ఫోన్లు చేసి చెప్పేశారు. గ్రౌట్ పెట్టి రెండు వారాలైనా కాలేదు. పైకి చూస్తే నేల పొడిగానే ఉంది. "ఇంకా ఏం చూస్తున్నావు? రెండో పూత కొట్టించేసి తెరిచేద్దాం" అంటారాయన. మేస్త్రి కూడా ఆయనకే వంత.

నేను ఒక పని చేశాను. మూరెడు పాలిథిన్ కాగితం తీసుకుని, నేల మీద పరిచి, నాలుగు పక్కలా టేపు అతికించాను. మర్నాడు పొద్దున్నే మావారిని పిలిచి చూపించాను. కాగితం లోపలివైపు మంచుబిందువుల్లా సన్నటి చెమ్మ! బండ కింద సిమెంటులో తడి ఇంకా ఆరనే లేదు. ఆ తడి మీద సీలర్ పట్టిస్తే అది సరిగ్గా ఇంకదు, నేల మబ్బు పట్టినట్టవుతుంది. లోపలి తడి పైకొచ్చేటప్పుడు సిమెంటులోని ఉప్పుని కూడా తెచ్చి తెల్లటి పొడిలా తేలుస్తుంది.

"ఇంతమంది వస్తుంటే తాళం వేసుకుని కూర్చుంటావా?" అని ఆయనకి కోపం వచ్చింది. చెప్పొద్దూ, నాకూ కాస్త బెరుకుగానే ఉంది. పండగపూట మాట పడాల్సొస్తుందేమోనని. అప్పుడు అత్తగారే కలగజేసుకున్నారు. "ఒరేయ్, నేను రెండేళ్లు భయంభయంగా స్నానం చేశాను. వాళ్లు ఒక్క పూట పెరట్లో పోసుకుంటే ఏం పోయింది?" అన్నారు. ఇంకెవరు మాట్లాడతారు! భోగినాడు పెరట్లో డ్రమ్ముడు వేణ్నీళ్లు కాచాం, పిల్లలు మంట చుట్టూ గంతులేస్తూ తలంట్లు పోసుకున్నారు. పెద్దవాళ్లు పాత బాత్‌రూంలో వంతులు వేసుకున్నారు. ఎవరి పండగా ఆగలేదు. పాలిథిన్ కాగితం పొడిగా వచ్చింది జనవరి నెలాఖరుకి. ఆ తర్వాతే రెండో పూత.

పట్టించే పద్ధతి

పని పెద్దది కాదు, మీరే చేసుకోవచ్చు. ముందు నేల దుమ్ము లేకుండా శుభ్రంగా ఉండాలి. కిటికీ తెరిచిపెట్టి, చేతులకి రబ్బరు తొడుగులు వేసుకోండి. కొన్ని సీలర్లలో పెట్రోలులా మండే ద్రావకాలుంటాయి. కాబట్టి దగ్గర్లో దీపం, అగరొత్తి, గ్యాస్ గీజరు ఏవీ వెలిగి ఉండకూడదు. ఎవరికీ కనబడని ఒక మూల ముందు కొద్దిగా రాసి, ఆరాక రంగు నచ్చిందో లేదో చూడండి. కొన్ని రకాలు రాయిని ముదురుగా చేస్తాయి.

తలుపుకి ఎదురు మూల నుంచి మొదలుపెట్టి వెనక్కి వస్తూ బ్రష్షుతో గానీ నూలుగుడ్డతో గానీ పలచగా, సమంగా రాయాలి. డబ్బా మీద చెప్పినన్ని నిమిషాలు ఇంకనిచ్చి, మిగిలినదాన్ని పొడిగుడ్డతో పూర్తిగా తుడిచేయాలి. ఈ తుడవడమే అసలు కిటుకు. "ఎక్కువుంటే ఎక్కువ బలం" అని వదిలేస్తే, పైన మిగిలింది జిగురుగా ఆరి, మురికిని పట్టుకుంటుంది. గ్రౌట్ సందులకి కూడా రాయడం మరవకండి. రాయికంటే ముందు మరక పట్టేది అవే. ఆ తర్వాత డబ్బా మీద రాసిన గడువు తీరేదాకా నీటిచుక్క పడనివ్వకూడదు. మిగిలిన డబ్బా పిల్లలకి అందని చోట, పొయ్యికి దూరంగా పెట్టుకోండి.

మళ్లీ ఎప్పుడు పట్టించాలని క్యాలెండరులో రాసుకోనక్కర్లేదు. మూడు నాలుగు నెలలకోసారి పొడినేల మీద స్పూనుడు నీళ్లు పోసి చూడండి. పది నిమిషాల్లో రాయి నల్లబడితే దానికి మళ్లీ దాహం వేసినట్టే.

యాసిడ్ సీసాకి సెలవు

మన ఇళ్లలో బాత్‌రూం అంటే యాసిడ్ సీసా ఉండాల్సిందే అన్నట్టు తయారైంది. రాతినేల వేశాక మొట్టమొదట దానికి వీడ్కోలు చెప్పాను. కమోడ్ కడిగే ద్రావకాల్లో కూడా చాలావాటిలో యాసిడే ఉంటుంది. వాడితే కమోడ్ లోపలే వాడాలి, కింద చుక్క పడితే వెంటనే నీళ్లు పోసేయాలి. ఇత్తడి బిందెలు చింతపండుతో తోమేది కూడా ఆ నేల మీద కాదు. ఇంకో సంగతి, ఇది రాయి గురించి కాదు, ప్రాణం గురించి: యాసిడ్‌నీ, బ్లీచింగ్ పౌడర్‌నీ ఎప్పుడూ కలపకూడదు. ఒకదాని వెంట ఒకటి పోయనూ కూడదు. వాటి కలయికలో క్లోరిన్ వాయువు పుడుతుంది. తలుపు మూసిన చిన్న గదిలో అది ఊపిరి తీసేస్తుంది.

మరి దేంతో కడగాలి? బకెట్టు నీళ్లలో గిన్నెలు తోమే ద్రవం ఒక స్పూను, మెత్తటి బ్రష్షు, చివర్న మంచినీళ్లు, వైపరు. అంతే! వారానికి రెండుసార్లు ఇలా రుద్దాలి. సబ్బు నురగ, నూనె జిడ్డు పేరుకుంటే గరుకు రాయి కూడా జారుతుంది. మా పనమ్మాయి మొదట్లో "యాసిడ్ లేకుండా ఏం పోతదమ్మా" అంది. నెల తిరిగేసరికి "చేతులు మంట లేవమ్మా, దగ్గు కూడా తగ్గింది" అంటోంది. రాయి కోసం మానేసిన సీసా ఆ పిల్లకి మేలు చేసింది.

మరకల మాటకొస్తే, మన స్నానాలు మామూలు స్నానాలా? కొబ్బరినూనె, నువ్వులనూనె, పసుపు, సున్నిపిండి, కుంకుడురసం, గోరింటాకు, ఇప్పుడు తలకి రంగు! ఏది పడినా ఆరకముందే నీళ్లు పోసి రుద్దేయండి. కొత్త సిమెంటు సందుల మీద పసుపు పడితే ఎర్రగా తిరగొచ్చు. సున్నం కలిపితే పసుపు ఎర్రబడ్డట్టే. కంగారుపడకండి, పసుపు మరక వెలుతురు తగిలేకొద్దీ వెలిసిపోతుంది. నూనె మరక దిగిపోతే వంటసోడా నీళ్లతో ముద్దలా కలిపి దట్టంగా పట్టించి, పైన పాలిథిన్ కప్పి, ఒక రోజుంచి తీసేయండి. ఒక్కసారికి పోకపోతే మళ్లీ వేయండి. నూనెని నెమ్మదిగా పైకి లాగేస్తుంది.

ఇన్ని జాగ్రత్తలకీ ఫలితం ఉందా అని మీరడుగుతారు. ఉగాది పొద్దున్న మా అత్తగారికి నువ్వులనూనె పెట్టి, సున్నిపిండి నలిచి, కుంకుడురసంతో తలంటాను. నేలంతా పసుపూ, నూనే, నురగా. ఆవిడ పీట మీద నింపాదిగా కూర్చుని, తన చిన్నప్పటి ఉగాదులన్నీ చెప్పుకొచ్చారు. అయ్యాక సబ్బునీళ్లు పోసి రుద్దితే ఒక్క మచ్చ మిగల్లేదు. అది సరే. సాయంత్రం ఆవిడ కాళ్లు కడుక్కోవడానికి లోపలికి వెళ్లారు. లోపల్నుంచి టక్కుమని చప్పుడు. ఉలిక్కిపడి పరిగెత్తాను. తలుపు దగ్గరికెళ్లాక అర్థమైంది, ఆవిడ గడియ వేసుకున్నారు! రెండేళ్ల తర్వాత మొదటిసారి.

కాబట్టి మీ ఇంట్లో బాత్‌రూం పని మొదలైతే, మొహమాటపడకుండా ముందుకెళ్లి నాలుగే ప్రశ్నలు అడగండి: ఈ రాయి ఏ జాతి? వాటం ఎటు? సీలర్ ఏ రకం? ఆరిందని ఎలా తెలుసు? మేస్త్రి నవ్వితే నవ్వనివ్వండి. మీరు కూడా నవ్వుతూనే పాలిథిన్ కాగితం, టేపు తెచ్చి ఆయన చేతిలో పెట్టండి.